శాస్త్రపాఠముల పునశ్చరణమును ఇంటి మాటలును

పరీక్షలు సమీపించిన వారములలో చెన్నపట్టణమునందలి తెలుగు గృహములలో సాయంకాలమున జరుగు కార్యక్రమ మొకటి కలదు. తండ్రి న్యాయస్థానమునుండియో, వైద్యశాలనుండియో, కంప్యూటరు సంస్థనుండియో అలసి ఇల్లు చేరును. తల్లియు నేడు పెక్కు ఇండ్లలో అట్లే ఉద్యోగమునుండి వచ్చును. ఇరువురిలో ఒకరు, రెండవ తరగతియో మూడవ తరగతియో చదువు బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని, పుస్తకము విప్పి, "ఎవాపరేషన్ అంటే ఏమిటి?" అని అడుగుదురు. బిడ్డ కన్నులు మూసికొని ఒక ఆంగ్లవాక్యమును తప్పులేకుండ అప్పజెప్పును. "భేష్" అని పుట తిప్పుదురు. అరగంటలో నీరు, గాలి, మొక్కలు, జంతువులు, సూర్యచంద్రులు, సమస్త విశ్వమును ముగియును.

ఆ పుట తిప్పుటకు ముందు ఇంకొక ప్రశ్న వేసి చూడవలెను. "పొద్దున బాల్కనీలో ఆరేసిన తువ్వాలు ఇప్పుడు పొడిగా ఉంది కదా నాన్నా, అందులోని నీళ్ళు ఏమయ్యాయి?" దీనికి వచ్చు సమాధానములు వినదగినవి. "తువ్వాలు లోపలికి వెళ్ళిపోయాయి" అని ఒక బిడ్డ అనును. "సూర్యుడు తాగేశాడు" అని మరియొకరు. "ఏమీ కాలేదు, ఆరిపోయాయి అంతే" అని ఇంకొకరు. ఒక్క నిముషమునకు పూర్వము తాము నిర్దుష్టముగ అప్పజెప్పిన వాక్యమునకును ఈ తువ్వాలునకును సంబంధము కలదని వారికి తోచనే తోచదు.

ఎక్కములు వల్లెవేయదగినవి, పద్యములును అట్టివే. మరల మరల పలుకుటచే అవి నాలుకకు పట్టుబడును, పట్టుబడినవి ఆజన్మాంతము ఉపకరించును. దీనిని చిన్నచూపు చూచుట నేటి వేడుకయైనను మేమందులకు అంగీకరింపము. కాని ప్రకృతిశాస్త్రపు పాఠము వేరు జాతికి చెందినది. అందు మరల చూడవలసినది వాక్యమును కాదు, వస్తువును. వస్తువును గురించి బిడ్డ మనస్సులో ఇదివరకే కుదురుకొనియున్న ఊహను. ఆ ఊహ పాఠశాలలో ఆంగ్లమున బయటపడదు. బిడ్డ నిద్రలేచినది మొదలు మాటలాడు ఇంటి భాషయందే పడును. కావున ఈ పునశ్చరణము ఉపాధ్యాయులకన్న తల్లిదండ్రులకే ఎక్కువ సాధ్యము. పరరాష్ట్రమున స్థిరపడిన తెలుగువారికి ఇది మరింత నిజము.

పైకి నేర్చిన మాటక్రింద పాత ఊహ ఎంతకాలము బ్రతికియుండునో తెలుపు నిదర్శనమొకటి సుప్రసిద్ధము. 1987లో అమెరికాదేశమున హార్వర్డు విశ్వవిద్యాలయ పట్టప్రదానమహోత్సవమునాడు కొందరు 23 మందిని నిలిపి, ఋతువులు మారుటకు గాని, చంద్రకళలకు గాని కారణమేమని అడిగి, వారి సమాధానములను చలనచిత్రముగ తీసిరి. వారిలో కొత్త పట్టభద్రులు, పూర్వవిద్యార్థులు, ఆచార్యులును ఉండిరి. 21 మంది తప్పుగ చెప్పిరి. వేసవిలో భూమి సూర్యునికి దగ్గరగ జరుగునని, అందువలన ఎండ హెచ్చునని పెక్కురు అనిరి. వాస్తవముగ భూమి సూర్యునికి మిక్కిలి సమీపముగ నుండునది జనవరి మొదటివారమున. అప్పటి దూరము సుమారు 14.7 కోట్ల కిలోమీటరులు. జూలై మొదటివారమున అది 15.2 కోట్లకు పెరుగును. జనవరిలో మెరీనాతీరమున చల్లగాలికి శాలువ కప్పుకొను మన వృద్ధులకు ఈ లెక్క చెప్పినచో, దగ్గరదనమునకును వేడికిని ఇచట పొత్తు లేదని వారే గ్రహింతురు. హార్వర్డువారు బడిలో సరియైన పాఠము చదువకపోలేదు, పరీక్షలో సరిగ వ్రాయకపోలేదు. నిప్పు దగ్గరకు పోయినకొలది వేడి యని పసితనమున చేతికి తగిలిన అనుభవమును ఎవరును వెలికి తీసి ఆ పాఠముతో పోల్చి చూపలేదు. పాఠము పోయినది, అనుభవము నిలిచినది.

మన దేశపు బిడ్డలను గురించియు ఇట్టి పరిశోధన జరిగినది. భూమి, సూర్యుడు, చంద్రుడు ఎట్లుందురని భారతీయ బాలబాలికలనడిగి, వారిచే బొమ్మలు వేయించి, మట్టిముద్దలు చేయించి, దాని ఫలితములను 1996లో ప్రకటించిరి. అమెరికా బిడ్డలలో అరుదైన ఊహయొకటి మన బిడ్డలలో తరచుగ కనబడినది: భూమి నీటిపై నిలిచియున్నదనుట. ఇది మన పురాణకథల శ్రవణఫలమని చెప్పవచ్చును. బడిలో భూమి గుండ్రమని విన్న బిడ్డ, ఇంటిలో సముద్రముపై తేలు భూమిని గూర్చి విన్న బిడ్డ, రెండింటిని కాదనలేక గుండ్రని భూమిని నీటిపై తేల్చినది. ఇందు నవ్వవలసినదేమియు లేదు. విన్న రెండు మాటలకు పొంతన కూర్చ యత్నించిన బుద్ధి మొద్దుబుద్ధి కాదు. "భూమి ఎట్లుండును?" అని అడిగినచో ఈ బిడ్డయు "గుండ్రముగ" అనియే చెప్పి మార్కులు తెచ్చుకొనును. "భూమి క్రింద ఏమున్నది?" అని అడిగిననాడే లోగుట్టు తెలియును.

ఇక మన భాష సంగతి. చెన్నపట్టణపు తెలుగుబిడ్డకు ఒక్కొక్క శాస్త్రవిషయమునకు మూడు నాలుగు మాటల మూటలు దొరకును. బడిలో ఆంగ్లపదము. 2006 నాటి శాసనముననుసరించి ఈ రాష్ట్రమున ఒకటవ తరగతినుండి తమిళము తప్పనిసరి పాఠ్యభాష కనుక, తమిళపదము కొంత. తెలుగు పాఠ్యపుస్తకమేదైన చేతికి వచ్చినచో బాష్పీభవనము, సాంద్రీకరణము మొదలగు సంస్కృతపదములు. ఈ చివరివి తెలుగుపేరున చెలామణియగుచున్నను ఏడేండ్ల బిడ్డకు ఆంగ్లమెంత పరాయియో ఇవియు అంతే పరాయి. శాసనముయొక్క మంచిచెడ్డలు ఇచట విషయము కావు. ఈ మూటలన్నిటికి అడుగున, ఎవరును లెక్కింపని మూట యొకటి కలదు. అది వంటింటి తెలుగు.

వంటింటి తెలుగునకు నీటివిషయమున ఎంత సూక్ష్మదృష్టి కలదో చూడుడు. పులుసు పొయ్యిమీద ఇగురును. వంకాయ ఇగురునకు ఆ పేరు అందువలననే వచ్చినది. వాననీరు నేలలో ఇంకును. తడిబట్ట ఆరును. మిరపకాయ ఎండును, చెరువును ఎండును. "నీళ్ళు పోయినవి" అను ఒక్క సంఘటనకు నాలుగు క్రియలు! ఇంకిన నీరు క్రిందికి పోయినది, ఇగిరిన నీరు పైకి పోయినది. ఈ భేదమును మన అమ్మమ్మలు శాస్త్రము చదువకయే మాటలలో నిలిపిరి. మూడవ తరగతి బిడ్డకు నీటిపాఠము పునశ్చరణము చేయింపదలచినచో ఈ నాలుగు మాటలు చాలును. "ఇంకడానికీ ఇగరడానికీ తేడా ఏమిటి?" అని అడిగి, పూలకుండీలో ఒక చెంబెడు నీరు పోయించి, పొయ్యిమీద ఒక చెంబెడు నీరు కాచి చూపినచో, తువ్వాలులోని నీరు ఏ జాతికి చెందినదో బిడ్డయే తేల్చుకొనును. పొయ్యి లేకయే నీరు పైకి పోవునా యను సందేహము తప్పక వచ్చును. రావలెను. ఆ సందేహమే పాఠము. వెడల్పు పళ్ళెములో కొంత, సన్నని గొట్టపు సీసాలో కొంత, సమానముగ కొలిచిన నీరు పోసి కిటికీ దగ్గర రెండురోజులుంచినచో ఆ సందేహము తీరుటకు దారి దొరకును.

అయితే ఇంటి భాషయందు గుంతలును కలవు. ఆరుట అను క్రియనే తీసికొనుడు. బట్ట ఆరినది, దీపము ఆరినది, వేడి అన్నము ఆరినది, పుండు ఆరినది. మొదటిదానిలో నీరు పోయినది. రెండవదానిలో మంట పోయినది. మూడవదానిలో వేడి పోయినది. నాల్గవది పూర్తిగ వేరు వ్యవహారము. ఒక్క మాటక్రింద నాలుగు సంగతులు చేరినప్పుడు బిడ్డ వానినన్నిటిని ఒక్కటిగనే తలంచునేమో! ఈ నాలుగు వాక్యములను వరుసగ చెప్పి "ఏది ఏమి పోగొట్టుకొన్నది?" అని అడుగుట మంచి ఆట. ఏ ఆంగ్లపుస్తకమునందును ఈ ఆట లేదు, ఉండదు. ఆంగ్లమునందు ఈ గుంత లేదు కనుక.

గాలి అను మాట ఇంతకన్న లోతైన గుంత. ఆంగ్లమున కదలు గాలికి ఒక పేరు, నిలిచియుండు గాలికి మరియొక పేరు. తెలుగున రెండును గాలియే. తమిళమునందలి కాట్రు అను మాటయు అంతే. ఆకు కదలని మేనెల సాయంకాలమున "ఇవాళ బొత్తిగా గాలి లేదు" అని మనమే అందుము. ఆ మాట విని పెరిగిన బిడ్డ, పంకా ఆపిన గదిలో గాలి లేదని చెప్పినచో తప్పు ఎవరిది? దీనికి విరుగుడు సులభము. ఒక గాజుగ్లాసు అడుగున కాగితపు ఉండ నొక్కిపెట్టి, గ్లాసును తలక్రిందులు చేసి, బకెట్టు నీటిలో నిట్టనిలువుగ ముంచవలెను. ముంచుటకు ముందే "కాగితం తడుస్తుందా?" అని అడుగవలెను. పైకి తీసినప్పుడు కాగితము పొడిగ నుండును. నీటిని లోపలికి రానీయనిది ఏదియో గ్లాసులో ఉన్నదని, అది గది కదలకయున్నను అందున్న గాలియేయని, అప్పుడు మాటలతో పనిలేకుండ తెలియును. గ్లాసును కొంచెము పక్కకు వంచినచో బుడగలు వచ్చును. వానిని చూచి పిల్లలు కేకలు వేయుదురు, వేయనిండు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుగల గదిలోని గాలి 30 కిలోగ్రాములకు పైగ తూగునని పెద్దపిల్లలకు చెప్పవచ్చును. బియ్యపు బస్తా అంత బరువు నెత్తిమీద ఉన్నదా యని వారు పైకి చూతురు.

గాలిని గురించి మాటలాడునప్పుడు పెద్దలు తామే తప్పుదారి త్రొక్కు ప్రయోగ మొకటి కలదు. నీళ్ళపళ్ళెములో వెలుగుచున్న క్రొవ్వొత్తిపై గ్లాసు బోర్లించుట. దీపము ఆరును, గ్లాసులోనికి నీరెక్కును. "మంట ఆక్సిజనును తినివేసినది, ఆ ఖాళీలోకి నీరు వచ్చినది, గాలిలో అయిదవవంతు ఆక్సిజను కనుక అయిదవవంతు నీరెక్కును" అని చెప్పుట తరతరాలుగ సాగుచున్నది. నిదానించి చూచినచో నీరు ఎక్కువగ ఎక్కునది దీపము ఆరిన తరువాత. మంటవేడికి ఉబ్బిన గాలి కొంత బుడగలుగ బయటికి పోవును, మంట ఆరగనే మిగిలినది చల్లబడి ముడుచుకొనును, నీరెక్కుటకు ముఖ్యకారణమిది. ఆక్సిజను పూర్తిగ అయిపోకముందే క్రొవ్వొత్తి ఆరిపోవును. మైకేల్ ఫారడే లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో 1860-61 క్రిస్మసు దినములలో బాలబాలికలకు ఒక్క క్రొవ్వొత్తినే ఆధారముగ చేసికొని ఆరు ఉపన్యాసములిచ్చెను. ఒక వస్తువును అంత సేపు చూడవచ్చునని తెలిసినవారు అరగంటలో విశ్వమును ముగింపరు.

ఇట్లే గాజుగ్లాసులో చల్లని నీరు పోసి యుంచినచో వెలుపల నీటిబొట్లు తేలును. "గ్లాసుకు చెమట పట్టింది" అని మనమందుము. చెమట శరీరములోపలినుండి వచ్చునది గదా! గ్లాసులోని నీరే గాజుగుండ ఊరి పైకి వచ్చినదని బిడ్డ భావించుట మన మాటను నమ్ముటయే. న్యూజిలాండునందును పిల్లలిట్లే తలంచుచున్నారని 1983లో ప్రకటితమైన పరిశోధనవలన తెలిసినది. కావున దోషమంతయు తెలుగుది కాదు. లోపలి నీటిలో చిటికెడు పసుపు కలిపి చూపుడు. వెలుపలి బొట్లు పచ్చగ నుండవు. చెన్నపట్టణపు గాలిలోని తేమవలన ఈ ప్రయోగము ఇచట ఫలించినంత శీఘ్రముగ పొడిదేశములందు ఫలింపదు. ఈ ఊరి ఉక్క పనికివచ్చు సందర్భములు కొన్నియే, ఇది అందొకటి.

అన్నిటికన్న గట్టిగ పాతుకొనిపోయిన ఊహ దుప్పటిని గురించినది. దుప్పటి వెచ్చన, కంబళి వెచ్చన, స్వెట్టరు వెచ్చన. వెచ్చదనము వానిలోనే ఉన్నదని బిడ్డ నమ్మును. అమెరికాయందలి మసాచుసెట్సు రాష్ట్రములో నాల్గవ తరగతి పిల్లలు ఈ నమ్మకమును పరీక్షించిన వృత్తాంతము 1990లో ఒక విద్యాపత్రికలో వెలువడినది. వారు తొమ్మిదేండ్లవారు, తొమ్మిది చలికాలములు స్వెట్టరులలో గడపినవారు. ఉష్ణమాపకములను స్వెట్టరులలో, టోపీలలో, చుట్టిన తివాసీలో పెట్టి, వేడి ఎంత పెరుగునని ముందుగ వ్రాసికొని, పావుగంట తరువాత తీసిచూచిరి. ఏమియు పెరుగలేదు. "సమయం చాలలేదు" అనిరి. రాత్రియంతయు ఉంచిరి, పెరుగలేదు. "చల్లగాలి లోపలికి దూరుతోంది" అనిరి. సంచులలో మూసి ఉంచిరి, పెరుగలేదు. ఉపాధ్యాయిని తొందరపడి విషయము చెప్పివేయలేదు. దినములతరబడి పరీక్షలు మార్చుచు పోయినపిమ్మటనే, వెచ్చదనము స్వెట్టరుది కాదేమో, తొడుగుకొన్నవారిదేమో అను మాట వారిలో కొందరినుండియే వచ్చినది. తొమ్మిది చలికాలముల అనుభవమును ఒక్క వాక్యము చెప్పి తుడిచివేయవచ్చునని అనుకొను పెద్దలు ఈ వృత్తాంతమును చదువవలెను.

మనకు స్వెట్టరులు లేవు, మంచుగడ్డ కలదు. ఒకే పరిమాణముగల రెండు ముక్కలు తీసి, ఒకటి పళ్ళెములో విడిగ ఉంచి, రెండవది ఉన్నిశాలువలోనో మందపు తువ్వాలులోనో బాగుగ చుట్టి ఉంచవలెను. ఏది ముందు కరగునని అడిగినచో పిల్లలలో పెక్కుమంది చుట్టినదేయని చెప్పుదురు. దుప్పటిలో వేడి గదా! పెద్దలలోను కొందరు లోలోపల అట్లే అనుకొని, పైకి మాత్రము మౌనము వహింతురు. అరగంట తరువాత శాలువ విప్పి చూచినచో విడిగ ఉన్నదే ముందు కరగియుండును. శాలువ వేడిని ఈయలేదు. బయటి వేడిని లోపలికి రానీయలేదు. చలిలో అదే శాలువ మన ఒంటివేడిని బయటికి పోనీయదు. కాపలావాడు ఒక్కడే, వాకిలికి ఇరుప్రక్కల కాయును.

ఈ పాఠమునకు చెన్నపట్టణములో ఒక కట్టడమే సాక్షి. మెరీనాతీరమున నేడు వివేకానందర్ ఇల్లముగ నున్న మందిరమునకు పూర్వనామము ఐసు హౌసు. బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు చలికాలమున మసాచుసెట్సు మడుగులపై గడ్డకట్టిన మంచును కోయించి, రంపపుపొట్టు దట్టించి, ఓడలపై మన దేశమునకు పంపుచుండెను. 1833లో కలకత్తాకు చేరిన మొదటి ఓడలో 180 టన్నులు ఎక్కించిరి. భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నాలుగునెలల ప్రయాణము ముగించునప్పటికి సుమారు 100 టన్నులు మిగిలెను. ఆ సరకును నిలువయుంచుటకే 1842లో మన తీరమున ఈ ఐసు హౌసు కట్టబడినది. 1897లో స్వామి వివేకానందులు ఇందు బస చేసిరి కనుక మందిరమునకు నేటి పేరు వచ్చినది. మంచును నాలుగునెలలు కాపాడినది రంపపుపొట్టు. అది చల్లని వస్తువు కాదు, తాకిచూచినచో వెచ్చననియే తోచును. శాలువప్రయోగము చేసిన మరునాటి ఆదివారము పిల్లలను తీరమునకు కొనిపోయి, ఆ మందిరపు గుండ్రని గోడను చూపి, ఓడకథ చెప్పినచో, పునశ్చరణము జరుగుచున్నదని వారికి తెలియకయే జరిగిపోవును.

జంతువులపాఠమును గురించి కొలదిగ చెప్పి ముగింతుము. చీమ జంతువా, కాకి జంతువా, మనిషి జంతువా యని అడుగుడు. మొదటిది పురుగు, రెండవది పక్షి, మూడవది మనిషి; ఆవు మాత్రమే జంతువు! చిన్నపిల్లలకు జంతువనగా నాలుగుకాళ్ళు, తోక, ఒంటినిండ బొచ్చు. న్యూజిలాండు పరిశోధకులు 1980 ప్రాంతమున తమ పిల్లలలోను ఇదే కనుగొనిరి. కావున "జంతువులకు ఆహారము కావలెను" అను వాక్యము నేర్చిన బిడ్డ చీమను తలచుకొనదు. వాక్యము సరియే, దానిలోని మాటకు బిడ్డ పెట్టుకొన్న హద్దు చిన్నది.

ఇక పద్ధతినిగూర్చి. మొదట అడుగుట, తరువాత చేయుట, ఆ తరువాత పేరు చెప్పుట. ఈ క్రమము తప్పరాదు. ఏమి జరుగునో ముందుగ చెప్పని బిడ్డకు, జరిగినది చూచినను ఆశ్చర్యము కలుగదు. బిడ్డ తప్పు చెప్పినప్పుడు ముఖము చిట్లించినచో మరునాటినుండి తనకు తోచినది మానివేసి, మనకు కావలసినది ఊహించి చెప్పుట నేర్చుకొనును. అది పరీక్షలకు పనికివచ్చు విద్యయే గాని శాస్త్రము కాదు. "నాకూ తెలియదమ్మా, చూద్దాం" అనుటకు వైద్యులును న్యాయవాదులును సంకోచింపనక్కరలేదు. ఫోనులో ప్రయోగములు చూపుట ప్రయోగము చేయుట కాదు. తెరమీద మంచు ఎప్పుడును సరిగనే కరగును.

ఒకేనాడు గంటసేపు కూర్చుండుటకన్న మూడునాలుగు దినముల ఎడముతో పదేసి నిముషములు మేలు. పుస్తకము మరల చదివినవారికన్న, మూసి జ్ఞప్తికి తెచ్చుకొన్నవారికి వారము తరువాత ఎక్కువ నిలిచినదని 2006లో అమెరికా కళాశాల విద్యార్థులపై జరిగిన పరీక్ష తెల్పినది. పసివారికి మూయుటకు పుస్తకమెందుకు? "మొన్న శాలువలో మంచు పెట్టాం కదా, ఏమైంది? ఎందుకైంది?" అని అన్నము తినునప్పుడు అడుగవచ్చును. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికాచట్రము ఒకటి రెండు తరగతులలో పరిసరవిషయములను వేరు పుస్తకముగ కాక భాషాగణితములలోనే కలిపి చెప్పవలెనన్నది. అనగా అయిదారేండ్ల వయసున శాస్త్రము మాటలాడు విషయమని పెద్దలే ఒప్పుకొనిరి.

ఇంటిలో చిన్నతమ్ముడో చెల్లెలో ఉన్నచో అంతకన్న మంచి సాధనము లేదు. అక్క తమ్మునికి గ్లాసుప్రయోగము చూపి చెప్పవలెను, తమ్ముడు "ఎందుకు?" అని మూడుసార్లు అడుగును, మూడవసారికి అక్కకు తెలిసినదెంతయో తెలియనిదెంతయో తేలిపోవును. ఇదియు ఈ ఊరి సొత్తే. 1789లో ఎగ్మోరునందలి మగపిల్లల అనాథశాలకు అధ్యక్షుడైన ఆండ్రూ బెల్, మన బడిపిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట చూచి ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టి, తెలిసిన పిల్లలచే తెలియనివారికి పాఠము చెప్పించెను. 1797లో లండనులో దానిని ప్రకటింపగా ఆ విధానము మద్రాసుపద్ధతి యను పేర పరదేశములందు వ్యాపించినది. బెల్ దొరకు ఉపాధ్యాయులు చాలకపోవుటయు ఒక కారణము. మనకు తీరిక చాలదు, పద్ధతి అదే.

ఇదంతయు బాగున్నదిగాని పరీక్షలో తువ్వాలుకథ వ్రాసినచో మార్కులు వచ్చునా యని అడుగువారుందురు. అడుగుట న్యాయమే, బడి కోరు ఆంగ్లవాక్యమును బిడ్డ నేర్వవలసినదే. తువ్వాలునెరిగిన బిడ్డకు ఆ వాక్యము ఒక్కమారు చెప్పిన చాలును, ఎరుగనివానికి ప్రతి పరీక్షకు ముందు చెప్పుచుండవలెను. తీరిక లేనివారికి ఏది లాభమో లెక్క వేసికొనవచ్చును. పరీక్షనే మార్చిచూచినవారును మన దేశమున కలరు. మధ్యప్రదేశమునందలి హోషంగాబాదు జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో ఆరంభమైన శాస్త్రబోధనాకార్యక్రమమున పిల్లలు ప్రయోగములు తామే చేసి, పుస్తకము దగ్గర పెట్టుకొనియే పరీక్ష వ్రాసిరి. ముప్పదేండ్లు నడచి, 2002లో ప్రభుత్వపుటుత్తరువుచే అది నిలిచిపోయినది. నిలిపివేయబడినదను కారణముచే విఫలమైనదని అనుకొనరాదు.

చివరగ, ఎండాకాలపు సెలవులలో చేయదగిన పని యొకటి. సూర్యుడు మధ్యాహ్నము నడినెత్తిని ఉండునని పిల్లలు నమ్ముదురు, మనమును నమ్ముదుము. చెన్నపట్టణములో అది సంవత్సరమునకు రెండు పర్యాయములే నిజము: ఏప్రిలు నాల్గవ వారమున ఒకమారు, ఆగష్టు మూడవ వారమున ఒకమారు. ఆనాడు పన్నెండు దాటిన కొన్ని నిముషములకు మేడమీద నిట్టనిలువుగ నిలిపిన కర్రకు నీడ ఉండదు. ఈ రెండింటి నడుమ మధ్యాహ్నపు నీడ దక్షిణమునకు పడును, తక్కిన కాలమంతయు ఉత్తరమునకు. సూర్యుడు మధ్యాహ్నము దక్షిణముననే ఉండునని విలాతి పుస్తకములలో చదివినది మన ఊరికి మూడు నాలుగు నెలలు చెల్లదన్నమాట. ఏప్రిలునాటి నీడలేని కర్రను చూచినప్పుడు, జూను నెలలో నీడ ఎటు పడునో, ఎందువలననో, బిడ్డ చెప్పినది చెప్పినట్లు దాని మాటలలోనే ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, దిద్దకుండ దాచియుంచుడు. జూనులో ఒకసారి మేడ ఎక్కి నీడ చూడుడు. ఆగష్టులో కర్రనీడ మరల మాయమైననాడు ఆ కాగితము తీసి బిడ్డచేతికిచ్చి చదువుమనుడు.